కనుమలు, కోనలు, చెరోకీ అక్షరాలు

పిల్లలూ,

ఈసారి మన పాఠం తరగతి గదిలో కాదు, కారులో మొదలవుతుంది. అట్లాంటా నుంచి ఉత్తరంగా మూడు నాలుగు గంటలు వెళితే గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు వస్తుంది. మీలో చాలామంది వెళ్లే ఉంటారు. నాలుగు కుటుంబాలు కలిసి కేబిన్ తీసుకుని, రెండు పూటలు బిర్యానీ వండుకుని, పెద్దవాళ్లు పేకాడుకుని, రోడ్డు పక్కన ఒకచోట ఆగి ఫోటో దిగి వచ్చేసి ఉంటారు. మేమూ మొదటి రెండుసార్లు అదే చేశాం. మూడోసారి ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ మాతో ఉంది. ఆవిడకి ప్రతి బోర్డు మీదా ఏం రాసి ఉందో చెప్పాలి, చెప్పినదాన్ని తెలుగులో చెప్పాలి. ఈ పాఠం అలా పుట్టింది.

మొదటి చిక్కు న్యూఫౌండ్ గ్యాప్ దగ్గరే వచ్చింది. గ్యాప్ అంటే ఏమిట్రా అని అమ్మ మా అబ్బాయిని అడిగింది. "గ్యాప్ అంటే గ్యాపే అమ్మమ్మా, మధ్యలో ఖాళీ" అన్నాడు వాడు. "రెండు కొండల నడుమ దారి పోయే పల్లాన్ని కనుమ అంటారు" అంది అమ్మ. "కనుమ అంటే సంక్రాంతి మర్నాడు కదా!" అన్నాడు వాడు. అదీ కనుమే, ఇదీ కనుమే. తూర్పు కనుమలు, పడమటి కనుమలు అని మనం భూగోళం పాఠంలో చదువుకున్న కనుమ ఇదే. అక్కణ్ణించి ఆట మొదలైంది. కేడ్స్ కోవ్‌లో కోవ్ అంటే చుట్టూ కొండలు, మధ్యలో చదును నేల. దాన్ని కోన అనవచ్చు. తలకోనలో ఉన్న కోన అదే. క్రీక్ అంటే వాగు. ట్రెయిల్ అంటే కాలిబాట. కొండ కొమ్మున నడిచే బాటకి ఒక్క మాట దొరకలేదు. అమ్మ కాసేపు ఆలోచించి "గట్టు మీద దారి" అంది. సరిపోయింది.

స్మోకీ అన్న పేరు ఎందుకొచ్చిందో చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే కొండల మీద నీలంగా, పలచగా పొగ ఆవరించినట్టు ఉంటుంది. అది నిప్పుపొగ కాదు. ఈ అడవుల్లో చెట్లు చాలా దట్టం, పైన కొండల్లో ఏడాదికి 85 అంగుళాల దాకా వాన పడుతుంది. ఆకులు గాలిలోకి వదిలే కొన్ని ఆవిరులు, ఆ తేమతో కలిసి వెలుగుని నీలంగా చూపిస్తాయి. ఇక్కడి మొదటి మనుషులైన చెరోకీలు కూడా ఈ కొండలని తమ భాషలో నీలి పొగ ఉండే చోటు అనే అర్థం వచ్చేటట్టు పిలిచారు. పార్కు 1934లో ఏర్పడింది. 1940 సెప్టెంబరు 2న ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ న్యూఫౌండ్ గ్యాప్ దగ్గర నిలబడి దాన్ని ప్రజలకు అంకితం చేశాడు. ఆ రాతి వేదిక ఇప్పటికీ ఉంది. ఒక కాలు టెనెసీలో, ఒక కాలు నార్త్ కెరొలైనాలో పెట్టి ఫోటో దిగేది అక్కడే.

ఇప్పుడు మేం వెళ్లిన దారి చెబుతాను. తల్లిదండ్రులకి నా సలహా కూడా ఇదే: వెళ్లేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఇంకొక దారి పట్టండి. వెళ్లేటప్పుడు ఐ-75 మీద కల్హూన్ ఊరి దగ్గర ఆగండి. అక్కడ న్యూ ఎకోటా అని ఒక చోటు ఉంది. పెద్ద మైదానం, నాలుగైదు చెక్క ఇళ్లు. పిల్లలు దిగగానే "ఇంతేనా?" అంటారు. మా అమ్మాయి అదే అంది. దానికి అప్పుడు పన్నెండేళ్లు. పైగా వచ్చే ఏడాది నుంచి తెలుగు బడికి రానని బయలుదేరే ముందే ప్రకటించి ఉంది కాబట్టి ముఖం ముడుచుకునే కూర్చుంది.

న్యూ ఎకోటా 1825 నుంచి చెరోకీ నేషన్‌కి రాజధాని. వాళ్లకి సొంత శాసనసభ ఉండేది, సుప్రీం కోర్టు ఉండేది, రాజ్యాంగం ఉండేది. 1828 ఫిబ్రవరిలో ఇక్కడి నుంచే చెరోకీ ఫీనిక్స్ అనే వార్తాపత్రిక మొదలైంది. సగం ఇంగ్లీషు, సగం చెరోకీ. చెరోకీ అచ్చు అక్షరాలని బోస్టన్‌లో పోత పోయించి తెప్పించారు. అసలు అచ్చు వేయడానికి ఆ భాషకి లిపి ఎక్కడిది? ఇక్కడే మీరు చెవులు రిక్కించాలి.

సెకోయా అని ఒకాయన. వెండిపని చేసేవాడు. ఇంగ్లీషు చదవడం, రాయడం రెండూ రావు. తెల్లవాళ్లు కాగితం మీద గీతలు గీసి దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడుకుంటున్నారని గమనించాడు. మన మాటని మనం ఎందుకు అలా పెట్టుకోకూడదు అనుకున్నాడు. మొదట ఒక్కొక్క మాటకి ఒక్కొక్క బొమ్మ గీశాడు. మాటలు వేలకు వేలు, గుర్తు పెట్టుకోవడం ఎవరి తరం? అది వదిలేశాడు. తరువాత మాటల్ని చెవితో విడగొట్టి చూశాడు. అన్ని మాటల్లోనూ తిరిగి తిరిగి వచ్చేవి కొద్దిపాటి పలుకులేనని అప్పుడు తెలిసింది. ఒక్కొక్క పలుకుకి ఒక్కొక్క అక్షరం పెట్టాడు. దాదాపు పన్నెండేళ్లు పట్టింది. ఈ పిచ్చి గీతలేమిటని భార్య కొన్నిటిని పొయ్యిలో వేసిందని కూడా చెబుతారు. 1821కి లిపి తయారైంది. ముందుగా నేర్చుకున్నది ఆయన చిన్న కూతురు అయోకా. జనం నమ్మకపోతే, కూతుర్ని దూరంగా ఉంచి, పెద్దలు చెప్పిన మాటలు తాను రాసి, ఆ కాగితాన్ని ఆ పిల్లచేత చదివించాడు. తూచా తప్పకుండా చదివింది. కొన్నేళ్లలోనే వేలమంది చెరోకీలు చదవడం రాయడం నేర్చేశారు. బడి లేదు, బల్ల లేదు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు.

ఇప్పుడు 85 అక్షరాలు వాడుకలో ఉన్నాయి. ఆకారాలు చూస్తే నవ్వొస్తుంది, ఎందుకంటే సెకోయా ఇంగ్లీషు పుస్తకం చూసి కొన్ని గీతలు తీసుకున్నాడు, వాటి శబ్దాలు మాత్రం తీసుకోలేదు. డి లాగా ఉండేదాన్ని 'అ' అని చదవాలి. ఆర్ లాగా ఉండేది 'ఎ'. టి లాగా ఉండేది 'ఇ'. డబ్ల్యూ లాగా ఉండేది 'ల'. మిగిలినవి ఆయన కల్పించినవే. చెరోకీ అన్న మాటని వాళ్ల భాషలో 'చలగి' అన్నట్టు పలుకుతారు. రాస్తే జి, డబ్ల్యూ, వై అన్నట్టు కనిపిస్తుంది!

మన తెలుగుతో పోల్చి చూద్దాం. మనమూ ఒక పలుకుకి ఒక అక్షరం రాస్తాం. గి, గు, గో అని రాసినప్పుడు మూడింటిలోనూ 'గ' కనిపిస్తూనే ఉంటుంది. తలకట్టు తీసేసి గుడి పెడితే 'గి', కొమ్ము పెడితే 'గు'. చెరోకీలో అలా కాదు. 'గి' వై లాగా ఉంటుంది, 'గు' జె లాగా, 'గో' ఇంగ్లీషు ఏ లాగా. ఒకదానికీ ఒకదానికీ చుట్టరికం లేదు. వాళ్లకి గుణింతం లేదు. అన్నీ విడివిడిగా బట్టీ పట్టాల్సిందే. గుణింతం రాయమంటే ముక్కు విరిచేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇంకొక విచిత్రం: చెరోకీలో ప, బ శబ్దాలు లేవు. 'పాప' అనమంటే ఏం చేస్తారో అని మా అబ్బాయికి పెద్ద బెంగ పట్టుకుంది.

ఇది చదువుతుంటే నాకు మన గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. పర్లాకిమిడి ప్రాంతంలో ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాశారాయన. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. గిడుగువారు బయటినుంచి వెళ్లి చేశారు, సెకోయా లోపలినుంచే చేశాడు. రెండోది ఇంకా అరుదు.

మ్యూజియంలో ఈ అక్షరాల పట్టిక కనిపించింది. ముఖం ముడుచుకున్న మా అమ్మాయి నోటుపుస్తకం తీసి, అక్కడే నేలమీద కూర్చుని, 85నీ ఎక్కించుకుంది. నేనేమీ అనలేదు. అంటే మానేస్తుందని తెలుసు.

న్యూ ఎకోటా మైదానం ఖాళీగా ఎందుకు ఉందో కూడా చెప్పాలి. జార్జియాలో బంగారం దొరికింది. దానితోపాటు ఆ నేల మీద కన్ను పడింది. 1830లో వాళ్లని మిసిసిపీ నదికి అవతలికి పంపే చట్టం వచ్చింది. 1835లో కొద్దిమంది చెరోకీలు, అధికారం లేకపోయినా, ఇదే న్యూ ఎకోటాలో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. వాళ్ల ముఖ్యనాయకుడు జాన్ రాస్, ఆయనతోపాటు జనంలో అత్యధికులు ఒప్పుకోలేదు. అయినా 1838లో సైన్యం వచ్చింది. సుమారు 16,000 మందిని ఇళ్లలోంచి లేపి, దొడ్లలో పెట్టి, ఇప్పటి ఓక్లహామాకి తరలించారు. ఎక్కువమంది నడిచే వెళ్లారు. దారిలోనూ ఆ దొడ్లలోనూ సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. దాన్ని కన్నీళ్ల బాట అంటారు. పొద్దున బాట అనే మాట నేర్చుకున్నాం కదా, సాయంత్రానికి దానికి ఈ అర్థం కూడా ఉందని పిల్లలకి చెప్పడం నాకు కష్టమైంది. కానీ చెప్పాను.

అక్కణ్ణించి టెనెసీలోకి వెళితే వొనోర్ అనే ఊళ్లో సెకోయా పుట్టిన ప్రాంతంలో ఇంకొక మ్యూజియం ఉంది. టైము లేక మేం ఆగలేదు. మీరు ఆగండి.

కేడ్స్ కోవ్‌లో 11 మైళ్ల ఒంటిదారి చుట్టూ పాత ఇళ్లు, చర్చిలు, ఒక మర ఉన్నాయి. సెలవు రోజైతే ఆ పదకొండు మైళ్లకి రెండు మూడు గంటలు పడుతుంది, ఎందుకంటే ఎలుగుబంటి కనిపించిన చోటల్లా కార్లన్నీ ఆగిపోతాయి. తెల్లవారుజామునే వెళ్లడం మేలు. అక్కడి నీటిమరని చూసి అమ్మ "తిరగలి రాయే, కాకపోతే వాగు తిప్పుతోంది" అంది. మొక్కజొన్న విసిరేవారు. ఇక్కడ అందరూ ఆగే మొదటి ఇల్లు జాన్ ఆలివర్‌ది. ఆయన, భార్య లుక్రీషియా 1818లో ఈ కోనకి వచ్చారు. వచ్చేసరికి పంట వేసే కాలం దాటిపోయింది, చలికాలం మీద పడింది. తిండి లేదు. ఆ చలికాలం వాళ్లని బతికించింది చెరోకీలు తెచ్చి ఇచ్చిన ఎండు గుమ్మడి అని చెబుతారు.

నేను ఇది చదివి చెప్పగానే అమ్మ "గుమ్మడి వరుగులా?" అంది. అవును, వరుగులే. ముక్కలు కోసి ఎండబెట్టి దాచుకుని, కూరలు దొరకని రోజుల్లో నానబెట్టి వండుకునేవి. మా అమ్మమ్మ వంకాయ వరుగులు, చిక్కుడు వరుగులు చేసేది. మా పిల్లలకి ఆ మాటే తెలియదు. ఈ కొండల్లో, ఎవరో ఎవరికో ఇచ్చిన వరుగుల వల్ల ఆ మాట వాళ్లకి తెలిసింది. 1818లో వరుగులు ఇచ్చి కాపాడారు. సరిగ్గా ఇరవై ఏళ్లకి ఇచ్చినవాళ్లని వెళ్లగొట్టారు. మా అబ్బాయి "మరి ఆలివర్ వాళ్లు ఆపలేదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పార్కు కట్టేటప్పుడు, నూరేళ్ల తరువాత, ఈ కోనలో రైతులు కూడా భూములు అమ్ముకుని ఇళ్లు వదలాల్సి వచ్చింది.

మర్నాడు కువోహి ఎక్కాం. ఇది పార్కులో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, 6,643 అడుగులు. పాత మ్యాపుల్లో క్లింగ్‌మన్స్ డోమ్ అని ఉంటుంది. చెరోకీలు కోరగా 2024 సెప్టెంబరులో పాత చెరోకీ పేరే తిరిగి పెట్టారు. మల్బరీ చెట్ల చోటు అని అర్థం. కారు ఆపిన చోటినుంచి అర మైలే, తారు వేసిన దారే, కానీ నిట్టనిలువు. "అలిపిరి మెట్లెక్కినదాన్ని" అంటూ అమ్మ బయలుదేరింది. అలిపిరి ఎక్కింది ముప్ఫై ఏళ్ల క్రితమన్న సంగతి దారిలో గుర్తొచ్చింది. ముప్పావు వంతు ఎక్కి ఒక బల్ల మీద కూలబడి "మీరు చూసి రండి" అంది. జులై నెల కదా అని అందరం నూలుబట్టల్లో, చెప్పులతో వెళ్లాం. పైన మబ్బు, చలిగాలి. కిందికీ పైకీ 10 నుంచి 20 డిగ్రీలు తేడా ఉంటుందని ఎక్కడో చదివాను, లెక్కచేయలేదు. గోపురం మీద నుంచి మాకు కనిపించింది తెల్లటి మబ్బు ఒక్కటే. మీరు స్వెట్టర్లు పట్టుకెళ్లండి. ఈ దారి డిసెంబరు నుంచి మార్చి ఆఖరుదాకా కార్లకి మూసేస్తారు.

అసలు చెప్పాలనుకున్నది ఓకనలఫ్టీ నది పక్క బాట గురించి. విజిటర్ సెంటరు దగ్గర మొదలై చెరోకీ ఊరిదాకా ఒకటిన్నర మైలు. దాదాపు చదును. అమ్మమ్మలు, తాతయ్యలు, స్ట్రోలర్లు అందరూ నడవవచ్చు. దారి పొడుగునా చెరోకీ కథలు చెప్పే బోర్డులు ఉన్నాయి, ఇంగ్లీషులోనూ చెరోకీ లిపిలోనూ. మా అమ్మాయి నోటుపుస్తకం తీసింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, పట్టికలో వెతికి, కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. అమ్మ పక్కన నిలబడి వింది.

"బాగా చదువుతున్నావే. ఏమని రాసుంది?" అంది.

"తెలీదు అమ్మమ్మా. సౌండ్స్ మాత్రమే తెలుసు."

"అర్థం తెలియకుండా చదవడమేమిటే?"

"తెలుగు కూడా నేను అలాగే కదా చదువుతాను" అంది అది.

అది వెక్కిరింతగా అనలేదు, ఉన్నమాట అంది. పదకొండేళ్లుగా ఈ బడిలో అక్షరాలు దిద్దించే నేను ఆ మాట విని బాట పక్కన నిలబడిపోయాను. మన పుస్తకాల్లో ఉండేవి నాగలి, రోలు, వసారా. మన పిల్లలు వాటిని తప్పుల్లేకుండా చదువుతారు. చూసినవారెవరు? అమ్మ మాత్రం ఏమీ నొచ్చుకోలేదు. "అయితే ఇవాళ నువ్వు నాకు ఇది నేర్పు, నేను నీకు అది చెబుతాను" అని బల్ల మీద కూర్చుంది. అరగంటలో అమ్మ తన పేరుని చెరోకీలో ఎలా రాయాలో అడిగింది. మా అమ్మ పేరులో 'ప' ఉంది. ఇద్దరూ చిక్కుల్లో పడ్డారు.

ఈ చివర ఉన్న చెరోకీ ఊరు, 1838లో వెళ్లకుండా కొండల్లో నిలిచిపోయినవాళ్ల వారసులది. తాము డబ్బు పెట్టి తిరిగి కొనుక్కున్న నేల అది. తమ తల్లిఊరు అని చెప్పుకునే కిటువా దిబ్బని కూడా 1996లో కొనుక్కున్నారు. ఊళ్లో వీధి పేర్లు రెండు లిపుల్లో ఉంటాయి. అలాగని భాష క్షేమంగా ఉందనుకోకండి. ఒకప్పుడు ప్రభుత్వ హాస్టలు బడుల్లో చెరోకీ మాట్లాడిన పిల్లల్ని దండించేవారు. ఆ పిల్లలు పెద్దయ్యాక తమ పిల్లలకి ఆ భాష నేర్పలేదు. 2019లో మూడు చెరోకీ ప్రభుత్వాలూ కలిసి తమ భాషకి అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. అప్పటికి ధారాళంగా మాట్లాడేవాళ్లు అన్నిచోట్లా కలిపి సుమారు 2,000 మంది. చాలామంది ముసలివాళ్లు. న్యూ కిటువా అకాడమీ అనే బడిలో ఇప్పుడు చిన్నపిల్లలకి చెరోకీలోనే పాఠాలు చెబుతారు. మ్యూజియం పక్క కొట్లో ఉన్న పెద్దావిడతో మా అమ్మాయి "ఒసియో" అంది, అంటే నమస్కారం. ఆవిడ నవ్వి, పలుకు సరిదిద్ది, మళ్లీ అనిపించింది. మూడోసారికి ఒప్పుకుంది. వచ్చేటప్పుడు "వాదో" అంది, అంటే ధన్యవాదాలు. మన మాటలో చివరి ముక్కలాగే ఉందని మా అబ్బాయి ఇప్పటికీ చెప్పుకుంటాడు. రెండింటికీ సంబంధమేమీ లేదు.

పెద్దలకి కొన్ని మాటలు. పార్కుకి ప్రవేశ రుసుం లేదు కానీ, 2023 మార్చి నుంచి పావుగంట దాటి కారు ఆపాలంటే ట్యాగ్ కొనాలి: రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, కాగితం మ్యాపు పెట్టుకోండి. 2024లో హెలీన్ తుఫాను ఈ కొండల్లో దారుల్ని బాగా దెబ్బతీసింది కాబట్టి ఏ దారి తెరిచి ఉందో బయలుదేరే ముందే చూసుకోండి. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ నిక్షేపంగా పట్టుకెళ్లండి, కానీ తిన్నాక ఒక్క మెతుకు కూడా బల్ల మీద వదలకండి. ఇక్కడ సుమారు 1,900 నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి, వాటికి ఆవకాయ వాసన మనకన్నా ముందే తెలుస్తుంది. ఎలుగులకైనా ఎల్క్‌లకైనా 50 గజాల దూరం పాటించాలని చట్టం. ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్నలాంటి జింక. ఇక్కడ వేటాడి లేకుండా చేస్తే 2001లో మళ్లీ తెచ్చి వదిలారు. సాయంత్రం ఓకనలఫ్టీ పొలాల్లో మేస్తుంటాయి. మావారు ఫోటో కోసం రెండడుగులు ముందుకు వేసి, అక్కడున్న వాలంటీరుచేత పదిమందిలో చివాట్లు తిన్నారు. పిల్లలకి జూనియర్ రేంజర్ పుస్తకం తీసుకోండి. పూర్తిచేస్తే బిళ్ల ఇస్తారు, ప్రమాణం చేయిస్తారు.

మా అమ్మాయి మానేస్తానన్న మాట వెనక్కి తీసుకుందా అని అడగకండి. ఇంకా బేరాలు నడుస్తున్నాయి. వారానికి ఒక్కరోజు అమ్మమ్మతో ఫోనులో చదువుతానంటోంది, కానీ తనకి అర్థమయ్యే పుస్తకమే కావాలంటోంది. న్యాయమైన షరతే.

ఇంటిపని

కనుమ, కోన, వాగు, గట్టు, కాలిబాట: ఈ అయిదు మాటలతో అయిదు వాక్యాలు రాయండి. పండగ కనుమ చెల్లదు.

మీ పేరులో ఎన్ని పలుకులు ఉన్నాయో చప్పట్లు కొట్టి లెక్కపెట్టండి. సెకోయా అయితే ఎన్ని అక్షరాలు రాసేవాడు?

మా అబ్బాయి అడిగిన ప్రశ్నకి మీ జవాబు అర పేజీలో రాయండి. తెలుగులో రానిచోట ఇంగ్లీషు మాట పెట్టి కింద గీత గీయండి, మనం తరగతిలో చూద్దాం.

మీ అమ్మమ్మకో నానమ్మకో ఫోను చేసి, వాళ్ల ఇంట్లో ఏమేమి వరుగులు పెట్టేవారో, ఎన్నాళ్లు ఎండబెట్టేవారో అడిగి రాసుకురండి. ఎవరైనా డబ్బాలో పెట్టుకొస్తే అందరం చూస్తాం.